వెర్డి కట్టించిన యిల్లు

సంగీతము విని సంతసింపనివారు లోకమున నరుదు. కాని పాడిన కంఠము ముదిమిచే సడలిన పిమ్మట ఆ గాయకుడు ఏమి తిని బ్రదుకుచున్నాడని విచారించువారు అంతకంటె నరుదు. కొలువు చేసినవానికి పింఛను గలదు; సేద్యము చేసినవానికి చెక్కెడు భూమి యైనను మిగులును. గాయకుని ధనమంతయు అతని కంఠమునందే యుండును. అది పోయిననాడు అతడు రిక్తహస్తుడు. ఈ సంగతిని తన జీవితకాలమంతయు చూచుచు, చూచి యూరకుండక, దానికి తన చేతనైన ప్రతిక్రియను చేసి చనిన మహనీయుడొకడు ఇటలీ దేశమున నుండెను. ఆయన పేరు జుసెప్పె వెర్డి. ఆయన రచించిన గీతనాటకములు నేటికిని లోకమునందలి గొప్ప నాటకశాలలన్నిటను ప్రదర్శింపబడుచున్నవి. అయినను ఈ వ్యాసమున నేను ముఖ్యముగా చెప్పదలచినది ఆయన పాటలను గూర్చి కాదు, ఆయన కట్టించిన యొక యింటిని గూర్చి.

వెర్డి 1813వ సంవత్సరము అక్టోబరు నెలలో ఇటలీ ఉత్తరభాగమున, పార్మా ప్రాంతమునందలి లె రోంకోలె యను కుగ్రామమున జన్మించెను. తండ్రి చిన్న పూటకూటియిల్లును, దానితోబాటు సరకుల దుకాణమును నడుపుచుండెను. తల్లి నూలు వడకుచుండెను. కలిమి గల కుటుంబము కాదు. అయినను కుమారునకు సంగీతమునందు గల ఆసక్తిని గ్రహించి, తండ్రి స్పినెట్ అను మీటలు గల తంత్రీవాద్యము నొకదానిని, పాతదానిని, కొని తెచ్చెను. అది పాడైయుండుటచే 1821వ సంవత్సరమున కవాలెట్టి యను పనివాడు దానిని బాగుచేయుటకు వచ్చెను. ఆ పిల్లవాడు సంగీతము నేర్చుకొనుటయందు చూపుచున్న శ్రద్ధను చూచి యతడు కూలి పుచ్చుకొనలేదు. ఆ బాలుని మంచి బుద్ధియే తనకు చాలిన కూలియని భావించి, ఆ సంగతిని వాద్యము లోపలనే వ్రాసి పెట్టెను. ఆ వ్రాతతో గూడ ఆ వాద్యము భద్రపరుపబడినది. వెర్డి జీవితమున మనకు తెలిసినంతలో మొదటి దానమిది. ఇచ్చినవాడు ధనవంతుడు కాడు, వాద్యములను బాగుచేసి పొట్టపోసికొను పనివాడు. పాఠకులు ఈ సంగతిని మరువకుందురుగాక.

గ్రామదేవాలయమున ఆర్గన్ వాయించు వృద్ధుడు ఆ బాలునకు తొలిపాఠములు చెప్పెను. అతడు మరణించిన పిమ్మట బాలుడే ఆ పనిని చేపట్టెను. పిమ్మట సమీపమున నున్న బుస్సేతో పట్టణమునకు చదువు నిమిత్తమై పంపబడెను. అచ్చట ఆంటోనియో బరేజ్జి యను వర్తకుడొకడు గలడు. అతడు సరకులమ్ముకొనువాడే యైనను సంగీతమనిన ప్రాణము పెట్టువాడు; పట్టణపు సంగీతసభకు అధ్యక్షుడు. అతడు వెర్డిని చేరదీసి, కొంతకాలమునకు తన యింటనే నిలుపుకొని, సొంత కుమారునివలె చూచెను. ఆ పట్టణమున బీదలకు సహాయము చేయు ధర్మసంస్థ యొకటి యుండెను. బరేజ్జి ప్రోత్సాహమున ఆ సంస్థవారు వెర్డి చదువుకు ఏటికి 300 ఫ్రాంకుల చొప్పున నాలుగేండ్లు విద్యార్థివేతనము నిచ్చుట కొప్పుకొనిరి. ఆ సొమ్ము చేతికి వచ్చుటకు ఆలస్యమగునని తెలిసి, అంతవరకును బరేజ్జియే తన సొమ్ము పెట్టెను.

1832వ సంవత్సరమున వెర్డి మిలాన్ నగరమునకు పోయి, అచ్చటి సంగీత విద్యాలయమున చేరగోరి పరీక్షకు నిలిచెను. వయస్సు నియమమును మించియుండెననియు, పరరాజ్యపు వాడనియు, మీటలపై చేయి నిలుపు తీరు సరిగా లేదనియు కారణములు చూపి విద్యాలయమువారు అతనిని చేర్చుకొనలేదు. పదునెనిమిదేండ్ల యువకునకు అది చిన్న దెబ్బ కాదు. అయినను బరేజ్జి వెనుదీయలేదు. ఖర్చు ఎక్కువయైనను సరే, నగరమునందే ఇంకొక గురువునొద్ద ప్రత్యేకముగా చదువు చెప్పించెను. ఏ విద్యాలయము వలదని త్రోసివేసెనో, ఆ విద్యాలయమే తరువాతి కాలమున వెర్డి పేరు ధరించినది. పరీక్షలో తప్పిన విద్యార్థులు దీనిని చదివి ధైర్యము తెచ్చుకొనవచ్చును. కాని త్రోసివేయబడినవానిని వెనుకనుండి నిలబెట్టిన చేయి యొకటి యుండెననియు వారు గమనింపవలెను.

1836వ సంవత్సరమున వెర్డి, బరేజ్జి కుమార్తె యగు మార్గరీటాను వివాహమాడెను. వారికి ఒక కుమార్తెయు, ఒక కుమారుడును కలిగిరి. ఆ సంతోషము నిలువలేదు. 1838లో కుమార్తెయు, 1839లో కుమారుడును, 1840లో భార్యయు మరణించిరి. ఇరువదియేడేండ్లయినను నిండకమునుపే ఆయన ఇల్లు శూన్యమయ్యెను. ఆ దుఃఖముననే ఒప్పందము ప్రకారము ఒక హాస్యనాటకమునకు సంగీతము కూర్పవలసివచ్చెను. అది రంగస్థలమున విఫలమయ్యెను. ఇక సంగీతమునే విడిచెదనని ఆయన నిశ్చయించుకొనెను. కాని కొంతకాలమునకు బబులోను చెరలో నున్న యూదుల కథ గల నాటకమొకటి ఆయన చేతికి వచ్చెను. బైబిలు చదివిన మనకు ఆ నదీతీరపు విలాపము తెలిసినదే గదా. 1842వ సంవత్సరము మార్చి 9వ తేదీని మిలాన్‌లోని లా స్కాలా నాటకశాలలో ‘నబుక్కో’ ప్రదర్శింపబడినప్పుడు వెర్డి పేరు ఇటలీయందంతటను మారుమ్రోగెను. అటుపిమ్మట ‘రిగోలెట్టో’ 1851లోను, ‘ఇల్ త్రొవతోరె’, ‘లా త్రావియాతా’ 1853లోను, ‘అయిదా’ 1871లో కైరో నగరమునను వెలువడినవి. ఎనుబదియేండ్లకు సమీపించిన వయస్సున, 1893లో, ‘ఫాల్‌స్టాఫ్’ అను హాస్యనాటకమును రచించి, యౌవనమునందలి యపజయమును గూడ తీర్చుకొనెను.

ఇంతటి కీర్తి గడించినవానికి దరిద్రుల తలపు ఏల కలుగవలెనని యెవరైన నడుగవచ్చును. దానికి నాటి రంగస్థలపు తీరును తెలిసికొనవలెను. ఒపెరా యనబడు గీతనాటకమును ప్రదర్శించుట గుత్తదారుల పని. వారు ఋతువునకు ఋతువునకు గాయకులను, వాద్యకారులను ఒప్పందముపై కుదుర్చుకొందురు. ఋతువు ముగిసిన ఒప్పందము ముగిసినట్లే. ప్రధానగాయకులు కొందరు విశేషధనము నార్జించిరి. కాని బృందముగా పాడువారును, వెనుక కూర్చుండి వాయించువారును ఏనాటి కూలి ఆనాటికి తినువారే. కంఠము బొంగురుపోయినను, వ్రేళ్లు బిగుసుకొనిపోయినను మరుసటి ఋతువునకు పిలుపు రాదు. నిన్న వేయిమంది చప్పట్లు కొట్టినవానిని నేడు వీధిలో ఎవరును గుర్తింపరు. నాటకములు కూర్చువారి గతియు మొదట ఇట్టిదే. ఒక్కమారు సొమ్ము పుచ్చుకొనిన పిమ్మట ఆ కృతి ఎచ్చట ఎన్నిమారులు ఆడబడినను వారికి దక్కునది స్వల్పము. వెర్డియు, ఆయన కృతులను ప్రచురించు రికోర్డి సంస్థవారును ఈ పద్ధతిని మార్చుటకు మిక్కిలి పాటుపడి, ప్రదర్శనమునకు ప్రదర్శనమునకు రచయితకు భాగము వచ్చు మార్గమును బలపరచిరి. 1865లో ఇటలీ ప్రభుత్వము రచయితల హక్కులను కాపాడు చట్టమును చేసెను. కనుక వెర్డికి కృతులవలన వచ్చు రాబడి నిలకడగల యాస్తి యయ్యెను. తనకు లభించిన యీ భద్రత తనతో పాడినవారికి, వాయించినవారికి లేదను సంగతి ఆయన కెన్నడును మరపునకు రాలేదు.

మరచుటకు వీలును లేకుండెను, ఏలయన ఆ కష్టము ఆయన ఇంటనే యుండెను. 1859లో ఆయన రెండవమారు వివాహమాడిన జుసెప్పీనా స్త్రెపొని ‘నబుక్కో’ తొలిప్రదర్శనమున ప్రధానపాత్రను ధరించిన గాయని. కుటుంబభారమును మోయుటకై చిన్నతనమునుండి విశ్రాంతి లేక పాడి పాడి, సుమారు ముప్పదియేండ్ల ప్రాయముననే కంఠము చెడి, ఆమె రంగస్థలమును విడువవలసివచ్చెను. పిమ్మట సంగీతపాఠములు చెప్పుకొని జీవించెను. వెర్డికి అనేక నాటకములను వ్రాసియిచ్చిన కవి ఫ్రాంచెస్కో మరియా పియావె గతి ఇంతకంటె దారుణము. 1867వ సంవత్సరాంతమున అతనికి పక్షవాతము సోకెను. మాటయు, కదలికయు పోయి, 1876లో మరణించువరకు అతడు మంచముననే యుండెను. భార్యయు, చిన్నబిడ్డయు నిరాధారులైరి. వెర్డి తన సొమ్ముతో ఆ కుటుంబమును ఆదుకొనెను. అంతటితో నిలువక, తానును, ఇంకను ఐదుగురు సంగీతకర్తలును తలకొక పాట రచించి యిచ్చునట్లు ఏర్పాటు చేసి, ఆ పాటల సంపుటిని 1869లో ప్రకటింపించి, దాని రాబడి పియావె కుటుంబమునకు చెందునట్లు చేసెను. మిత్రుడు మరణించినప్పుడు ఉత్తరక్రియల వ్యయమును గూడ తానే భరించెను.

ఒక్కొక్కనికి సాయము చేయుట మంచిదే. కాని సాయము చేయువాడు గతించిన పిమ్మట ఏమి? ఈ ప్రశ్న వెర్డి మనస్సున నాటుకొనెను. ఆయన తన కాపురమున్న సాంత అగాత గ్రామమునకు సమీపమున, విల్లనోవా యను ఊర, బీదలకొరకు ఒక ఆసుపత్రిని కట్టించి 1888లో తెరిపించెను. కట్టించి యూరకుండలేదు. అచ్చట రోగులకు పెట్టు భోజనము చాలీచాలనిదనియు, పాలు, నూనె మంచివి కావనియు తెలియగా, మరుసటి యేటి యారంభముననే అధికారులకు కఠినముగా లేఖ వ్రాసి మందలించెను. దానమను పేర నాసిరకపు పాలు పోయుట ఆయనకు సహింపరానిదయ్యెను. బీదవానికి ఇచ్చునది మిగిలినది కారాదు, మంచిది కావలెనని ఆయన యభిప్రాయము.

1889వ సంవత్సరమున వెర్డి మిలాన్ నగరపు పొలిమేర యొద్ద కొంత నేల కొనెను. వృద్ధులై, జీవనాధారము లేక, సంగీతమునే వృత్తిగా చేసికొని బ్రదికిన స్త్రీపురుషులకు అచ్చట ఒక నివాసమును నిర్మింపవలెనని ఆయన సంకల్పము. సుమారు 100 మంది వసింపదగిన మందిరమునకు కమిల్లో బోయితో యను శిల్పి నమూనా వ్రాసెను. వెర్డి చివరి రెండు నాటకములకు పాఠమును వ్రాసిన కవి అరిగో బోయితోకు ఇతడు సోదరుడు. భవనము 1899 నాటికి పూర్తియయ్యెను. ఎనుబదియైదేండ్లు దాటిన ఆ వృద్ధుడు ప్రతి విషయమును స్వయముగా విచారించుచుండెను. దానికి పేరు పెట్టుటయందు ఆయన చూపిన జాగ్రత్త మనము నేర్చుకొనదగినది. అనాథల శాలయనునట్టి అర్థమిచ్చు పేరు ఆయనకు నచ్చలేదు. సంగీతజ్ఞుల విశ్రాంతిగృహమను పేరే నిర్ణయింపబడెను. అందు నివసించువారిని బిచ్చగాండ్రుగా కాక, అతిథులుగా భావింపవలెనని ఆయన కోరెను. వారు దానము పుచ్చుకొనువారు కారు. జీవితాంతము పనిచేసి విశ్రమించుటకు వచ్చినవారు. ఒక్క మాట మార్పుతో మనుష్యుని తల వంగవచ్చును, నిలువవచ్చును.

భవనము సిద్ధమైనను వెర్డి తాను బ్రదికియుండగా దానిని తెరువనీయలేదు. అందులకు ఆయన చెప్పిన హేతువు విచిత్రముగా తోచవచ్చును. అందు ప్రవేశించువారు తనయొద్దకు వచ్చి కృతజ్ఞత చెప్పుకొనవలసిన యక్కర వారికి కలుగరాదని ఆయన భావము. ఆకలిగొన్నవాడు అన్నము తినుటకు మున్ను నమస్కరింపవలసివచ్చుట ఎంత బరువో, పరుల సొమ్ముతో చదువుకొనిన ఆయనకు తెలియును. బరేజ్జి ఆయనను ఎన్నడును చిన్నపుచ్చలేదు. కాని బుస్సేతో పట్టణమున కొందరు, తాము పెట్టిన వేతనమును జీవితాంతము జ్ఞాపకము చేయుచు ఆయన మనస్సును నొప్పించిరి. కనుక తన యింటి ద్వారముకడ తానే నిలువకుండుట మేలని ఆయన తలచెను. దీపము పెట్టి తాను చీకటిలోనికి తొలగినట్లు ఆయన తొలగెను. ఆ గృహము తాను లేనినాడును నడచుటకై, 1900వ సంవత్సరము మే నెలలో వ్రాసిన మరణశాసనమున తన నాటకముల స్వామ్యపు రాబడిని దానికి వ్రాసియిచ్చెను. అనగా ఆయన నాటకము ఎచ్చట ఆడబడినను, వచ్చిన సొమ్ములో కొంత ఆ వృద్ధుల అన్నమునకు చేరుచుండెను. హక్కుల గడువు తీరువరకు ఇట్లే జరిగెను. తన కృతులన్నిటిలోను ఈ గృహమే తనకు మిక్కిలి ప్రియమైనదని ఆయన మిత్రునితో చెప్పియుండెను.

1897లో జుసెప్పీనా మరణించెను. 1901వ సంవత్సరము జనవరి 27వ తేదీని మిలాన్ నగరమున వెర్డియు పరమపదించెను. ఆయన రోగగ్రస్తుడై పడియుండగా, బండ్ల చప్పుడు వినబడకుండ ఆయన యున్న తావు చుట్టునున్న వీధులలో గడ్డి పరచిరట. తన యంత్యక్రియలు వేకువనైనను సాయంకాలముననైనను ఆడంబరము లేక, పాట లేక, వాద్యము లేక జరుగవలెనని ఆయన శాసించియుండెను. అట్లే జరిగెను. ఒక నెల గడచిన పిమ్మట ఆ దంపతుల శరీరములు శ్మశానవాటికనుండి ఆ విశ్రాంతిగృహపు నేలమాళిగలోనికి చేర్పబడినవి. ఆనాడు మాత్రము జనులు మౌనము వహింపలేకపోయిరి. టొస్కానీని యను సంగీతనాయకుని యాధిపత్యమున వందలకొలది గాయకులు ‘నబుక్కో’లోని యూదుల బృందగీతమును పాడిరి. ఆయన శయనించియున్నది రాజాధిరాజుల సమాధుల నడుమ గాదు. ముసలి గాయకుల యింట, వారి పాదముల క్రింద.

1902వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీని, వెర్డి జన్మదినముగా నెంచబడు నాడు, ఆ గృహపు తలుపులు తెరువబడినవి. అదిమొదలు వేయిమందికి పైగా సంగీతజ్ఞులు అందు ఆశ్రయము పొందిరి. ఒకప్పుడు లా స్కాలాలో ప్రధానపాత్రలు ధరించినవారును, వెనుకవరుసలో నిలిచి పాడినవారును అచ్చట ఒకే బల్లయొద్ద భుజించుచున్నారు. అందు పియానోలు గలవు, కచేరీ జరుగు సభామందిరము గలదు. కావున అచ్చటి వృద్ధులు తమ విద్యను గతకాలపు జ్ఞాపకముగా కాక, నిత్యకృత్యముగా కాపాడుకొనగలుగుచున్నారు. 1984లో ఒక దర్శకుడు ఆ గృహవాసులను గూర్చి చలనచిత్రమును తీయగా, దూరదేశములవారికి గూడ వారి సంగతి తెలిసెను. 20వ శతాబ్దపు చివరిభాగమునుండి సంగీతము చదువుకొను యువకులకును అందు గదులు ఇచ్చుచున్నారు. ముసలివారు పిల్లలకు విద్య చెప్పుదురు. పిల్లలు ముసలివారి యేకాంతమును పోగొట్టుదురు. బీదవిద్యార్థిగా మిలాన్ నగరమున గది వెదకికొనిన వెర్డి దీనిని చూచియున్నచో ఎంత సంతసించియుండునో!

విద్యార్థులారా, ఈ చరిత్రమునుండి మనము గ్రహింపవలసినది ఏమి? వెర్డివలె భవనము కట్టించుట మనలో నూటికి ఒక్కనికైనను సాధ్యము కాకపోవచ్చును. కాని ఆ భవనపు పునాది 1889లో పడలేదు. లె రోంకోలె గ్రామమున ఒక పనివాడు చిన్నబాలుని స్పినెట్‌ను కూలి లేకుండ బాగుచేసిననాడే అది పడినది. ఆ పని మనలో ఎవరికైనను సాధ్యమే. మీ ఊర పెండ్లిండ్లకు సన్నాయి వాయించి వాయించి ఊపిరి తగ్గిన వృద్ధుడుండును. రాత్రులు హరికథ చెప్పి ఊరిని నవ్వించి యేడ్పించిన దాసు ఉండును. మన ప్రార్థనమందిరమున ముప్పదియేండ్లు హార్మోనియము వాయించి ఇప్పుడు చూపు మందగించిన పెద్ద యుండును. వారిని కలిసికొనినప్పుడు జాలి చూపకుడు. వారియొద్ద కూర్చుండి వారి పాటను అడుగుడు. ఇయ్యదగినది యేమైన నున్నచో, వారు తల వంచనక్కరలేని విధమున ఇండు. వెర్డి తన జీవితమున ఎనుబదియేడేండ్లకు నేర్చి మనకు విడిచిపోయిన పాఠము ఇదియే.